మౌత్ ఆర్గాన్‌కి ఆంప్ కొంటున్నారా? వాట్ల సంగతి తర్వాత!

స్టేజీ అంటే పెద్దదేం కాదు. మాదాపూర్‌లో ఓ చిన్న కెఫే. నాలుగు బల్లలు పక్కకు జరిపితే మిగిలిన జాగాయే స్టేజీ. ముప్ఫై మంది దాకా ఉన్నారు. నా ఫ్రెండ్ చేతిలో అకూస్టిక్ గిటార్, నా చేతిలో మౌత్ ఆర్గాన్. అప్పటికి నేను మొదటి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. దాచుకున్న డబ్బులోంచి 14,000 పెట్టి సరికొత్త గిటార్ ఆంప్ కొన్నా. 40 వాట్లు. ముందువైపు ఎనిమిది నాబ్‌లు, 'లీడ్' అని ఒక బటన్, నల్లటి లెదర్ తొడుగు. చూస్తేనే ధైర్యం వచ్చేలా ఉండేది.

రెండో పాటలో పల్లవి దాటామో లేదో, 'కుయ్‌య్‌య్' మని కూత మొదలైంది. వాల్యూమ్ తగ్గిస్తే నా పాట వినపడదు. పెంచితే కూత. మధ్యలో ఎక్కడా నిలవదు. ముందు కూర్చున్న అమ్మాయి రెండు చెవులూ మూసుకుంది. కౌంటర్ దగ్గరున్న అన్న నాలుగు అంగల్లో వచ్చి, నన్ను అడగకుండానే ప్లగ్ పీకేశాడు. మిగతా మూడు పాటలూ ఉత్తినే వాయించా. ముందు రెండు బల్లల వాళ్లకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఆ 14,000లో సగం ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బు. అమ్మకి ఏదో సాకు చెప్పి ఆపుకొన్నా. కూత కన్నా అది ఎక్కువ రోజులు గుర్తుంది.

మీలో కొందరు ఒకపక్క ప్లేస్‌మెంట్లకు ప్రిపేర్ అవుతూ, సాయంత్రాలు హాస్టల్ డాబా మీద మౌత్ ఆర్గాన్ ఊదుతుంటారని నాకు తెలుసు. అమీర్‌పేటలో నేనూ అదే బాపతు. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ పడగానే, లేదా మొదటి జీతం రాగానే 'ఇంట్లో ప్రాక్టీసుకీ పనికొస్తుంది, చిన్న చిన్న ప్రోగ్రాములకీ పనికొస్తుంది' అని ఒక ఆంప్ కొనాలనిపిస్తుంది. కొనండి, తప్పులేదు. కానీ నేను చేసిన తప్పు చేయకండి. షాపుకెళ్లి వాట్లు, నాబ్‌లు, డిస్కౌంటు చూశాను. నేనేం వాయిస్తానో చూసుకోలేదు.

షికాగో వేరు, మన పాట వేరు

'బెస్ట్ హార్మోనికా ఆంప్' అని నెట్‌లో వెతికితే వచ్చే సలహాల్లో అధిక భాగం బ్లూస్ వాయించేవాళ్ల కోసం రాసినవి. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా దక్షిణాది నుంచి వలస వచ్చిన నల్లజాతి సంగీతకారులు షికాగో క్లబ్బుల్లో, మాక్స్‌వెల్ స్ట్రీట్ సంతలో వాయించేవారు. చుట్టూ ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్. అరచేతిలో ఇమిడే ఈ వాయిద్యం ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? లిటిల్ వాల్టర్ లాంటివాళ్లు మైక్‌నీ, ఆర్గాన్‌నీ కలిపి దోసిట్లో మూసి పట్టుకుని వాల్వ్ ఆంప్‌లోకి వాయించడం మొదలుపెట్టారు. అంత సిగ్నల్ తట్టుకోలేక ఆంప్‌లో శబ్దం చిట్లుతుంది. ఆ చిట్లడమే వాళ్లకు అందం. 1952లో వచ్చిన లిటిల్ వాల్టర్ 'జూక్' మాటల్లేని వట్టి వాయిద్యం. అయినా అమెరికాలో బిల్‌బోర్డ్ ఆర్ అండ్ బి చార్టులో 8 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఇవాళ్టికీ హార్మోనికా ఆంప్ అనగానే అక్కడివాళ్లకు గుర్తొచ్చేది ఆ శబ్దమే.

మరి మనం? మనలో చాలామంది వాయించేది సినిమా పాటలు. 1958 నాటి 'సోల్వా సాల్'లో హేమంత్ కుమార్ పాట వెనక మౌత్ ఆర్గాన్ వాయించింది అప్పటికి ఇంకా టీనేజీలో ఉన్న ఆర్.డి. బర్మన్. 'షోలే'లో సాయంత్రం పూట అమితాబ్ వాయించే బిట్ వినని వాళ్లుండరు. అది నిజానికి వాయించింది భాను గుప్తా. ఆ రెండింట్లోనూ ఎక్కడా శబ్దం చిట్లదు. నీళ్లలా తేటగా ఉంటుంది. జాజ్‌లో బెల్జియం కళాకారుడు టూట్స్ థీల్‌మాన్స్ క్రొమాటిక్ మీద వాయించిందీ అలాంటి తేట ధ్వనే.

నేను కొన్నది చిట్లగొట్టే ఆంప్. వాయించింది మెలోడీ. కూత రాకపోయినా ఆ రోజు నా పాట బాగుండేది కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన దగ్గర చాలామంది మొదట కొనేది 24 రంధ్రాల ట్రెమోలో. అందులో ఒక్కో స్వరానికి రెండు రీడ్లుంటాయి. వాటిని కావాలనే కొద్దిపాటి శ్రుతి తేడాతో పెడతారు. ఆ తేడా వల్లే అలలా వణికే శబ్దం వస్తుంది. దీన్ని గెయిన్ ఎక్కువున్న ఆంప్‌లోకి పంపితే ఆ రెండూ కలబడి గరగరలాడతాయి. ట్రెమోలో వాయించేవాళ్లు 'డ్రైవ్', 'లీడ్' అన్న బటన్ల జోలికే పోవద్దు.

అంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. మీది బ్లూస్ అయితే చిన్న వాల్వ్ ఆంప్ వెతకండి. పాత ఫెండర్ చాంప్ ఆ దారిలో చిన్న ఉదాహరణ, 5 వాట్లు, 8 అంగుళాల స్పీకరు. ఇప్పుడు దొరికే వాటిలో ఫెండర్ బ్లూస్ జూనియర్ 15 వాట్లు, 12 అంగుళాల స్పీకరు. కానీ దాని ధర చాలామంది ఫ్రెషర్ల నెల జీతం కంటే ఎక్కువే. మీది మెలోడీ అయితే అంత ఖర్చు అక్కర్లేదు. మైక్ ఇన్‌పుట్ ఉన్న చిన్న ఆంప్ ఏదైనా సరిపోతుంది. రోలాండ్ మైక్రో క్యూబ్ జీఎక్స్ 3 వాట్లు, 5 అంగుళాల స్పీకరు. ఆరు పెన్సిల్ సెల్స్ వేసినా నడుస్తుంది. అందులో 'మైక్' అనే సెట్టింగే ఉంది. అదే కంపెనీ క్యూబ్ స్ట్రీట్‌లో మైక్‌కి, గిటార్‌కి విడివిడి చానళ్లున్నాయి. 5 వాట్లే, స్పీకర్లు రెండు. గిటార్ వాయించే ఫ్రెండు ఉంటే ఇద్దరూ ఒక్క డబ్బాలోనే కానిచ్చేయొచ్చు. కీబోర్డు ఆంపులూ పనికొస్తాయి. కాకపోతే వాటి స్పీకర్లు పైస్థాయి శబ్దాన్ని కూడా పూర్తిగా వినిపిస్తాయి కాబట్టి ఊపిరి బుసబుసలు బయటపడతాయి, ట్రెబుల్ తగ్గించుకోవాలి. గిటార్ స్పీకర్లకు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దం దానంతటదే పడిపోతుంది. అందుకే వాటిలో ఆర్గాన్ కాస్త మెత్తగా వినిపిస్తుంది.

కూత ఎక్కడి నుంచి వస్తుంది?

ఈసీఈ వాళ్లకు ఇది తేలిగ్గా ఎక్కుతుంది. మైక్‌లోకి వెళ్లిన శబ్దాన్ని ఆంప్ పెంచుతుంది, స్పీకర్ బయటికి వదులుతుంది, అందులో కొంత తిరిగి మైక్‌లోకే వస్తుంది. అలా ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఏదైనా ఒక ఫ్రీక్వెన్సీ తగ్గకుండా, అదే ఫేజ్‌లో వచ్చిందా... ఇక అది ఆగదు. ఆసిలేటర్ చాప్టర్‌లో బట్టీ పట్టిన బార్క్‌హౌసెన్ నియమం ఇదే. పరీక్షలో 8 మార్కులకు రాసి మర్చిపోయినదాన్ని కెఫేలో ముప్ఫై మంది ముందు ప్రాక్టికల్‌గా చేసి చూపించానన్నమాట.

గాయకుడి కంటే మనకు ఈ బెడద ఎక్కువ. షూర్ ఎస్ఎం58 లాంటి మైకులు ఎదురుగా వచ్చే శబ్దాన్ని బాగా పట్టుకుని, వెనక నుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తాయి. గాలి వెనకవైపు నుంచి కూడా లోపలికి వెళ్లేలా దాని తలకాయ కట్టి ఉండడం వల్ల అది సాధ్యమవుతుంది. మనం ఆ తలను దోసిట్లో మూసేస్తాం. ఆ దారి మూసుకుపోతుంది. దాంతో మైక్ అన్నివైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది, వెనకున్న స్పీకర్‌తో సహా. దోసిలి మూస్తే బేస్ పెరిగి శబ్దం నిండుగా అనిపించే మాట నిజమే, దానికి చెల్లించే ధర కూత. మెలోడీ వాయించేవాళ్లకు నా సలహా, మైక్‌ని స్టాండు మీద పెట్టేయండి. రెండు మూడు అంగుళాల దూరం నుంచి వాయించండి. చేతులు ఆర్గాన్ చుట్టూ ఆడించుకోవడానికి ఖాళీగా ఉంటాయి.

కూతకు మందు గెయిన్ తగ్గించడం. ఆంప్‌లో 'గెయిన్', 'వాల్యూమ్' అని రెండు నాబ్‌లుంటే గెయిన్‌ని బాగా దించి, వాల్యూమ్‌ని పైకి తీసుకెళ్లండి. రివర్బ్ కూడా తక్కువే. వాల్వ్ ఆంప్ ఉన్నవాళ్లు మొదటి వాల్వునే మార్చేస్తారు. 12ఏఎక్స్7 గెయిన్ ఫ్యాక్టర్ 100. దాని స్థానంలో 12ఏవై7 పెడితే 45 దగ్గరికి, 12ఏయూ7 పెడితే 20 దగ్గరికి పడిపోతుంది. సోల్డరింగ్ ఏమీ ఉండదు, ఆపేసి చల్లారాక ఊడదీసి ఇంకోటి గుచ్చడమే. అంతకుమించి లోపల చెయ్యి పెట్టకండి. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలవుంటాయి. 'నేను ఇంజినీర్నే కదా' అని వేలు పెట్టే వస్తువు కాదది.

ఇక్కడో చిన్న పిట్టకథ. రెండో ఉద్యోగం ఇంటర్వ్యూలో రెజ్యూమె చివర హాబీల్లో 'హార్మోనికా' అని చూసి, ప్యానెల్‌లో పెద్దాయన ఒకరు నవ్వి, వెంటనే టాపిక్ మార్చి 'ఆంప్లిఫయర్‌కీ ఆసిలేటర్‌కీ తేడా చెప్పండి' అన్నారు. నేను టెక్స్ట్‌బుక్ నిర్వచనం వదిలేసి ఆ కెఫే సంగతి చెప్పా. ఆయన పెన్ను పక్కన పెట్టి, 'అయితే కూత ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర వస్తుంది? ఎందుకు?' అని అడిగారు. అక్కడి నుంచి పావుగంట అదే చర్చ. ఆ ఒక్క జవాబుతో ఉద్యోగం వచ్చిందని చెప్పను. ఆ తర్వాత అడిగిన ప్రశ్నలకు మాత్రం నా గొంతు వణకలేదు.

40 వాట్లు ఎవరికి కావాలి?

వాట్లు రెట్టింపయితే శబ్దం రెట్టింపవుతుందని అందరం అనుకుంటాం. 20 వాట్ల నుంచి 40కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి 'కొంచెం పెరిగింది' అనిపిస్తుంది, అంతే. చెవికి రెండింతలు అనిపించాలంటే పవర్ సుమారు పదింతలు కావాలి. అంతకంటే స్పీకర్ సెన్సిటివిటీ ముఖ్యం. స్పెసిఫికేషన్లలో ఏదో మూలన రాసి ఉంటుంది. 90 డెసిబెల్స్ స్పీకర్ బదులు 96 డెసిబెల్స్‌ది ఉంటే, వాట్లు నాలుగింతలు చేసినంత ఫలితం వస్తుంది. 5 వాట్ల ఆంప్ ఒక్కోసారి 15 వాట్ల దాన్ని మించి వినిపించడంలో మర్మం అదే.

ఇంకో సంగతి. గిటార్ కింది తీగ 82 హెర్ట్జ్. సి స్కేల్‌లో ఉన్న మామూలు 10 రంధ్రాల ఆర్గాన్‌లో అన్నింటికన్నా కింది స్వరం దాదాపు 262 హెర్ట్జ్, పైది 2093. అంటే మన వాయిద్యానికి పెద్ద బేస్ పనే లేదు. బేస్ కోసం చేసిన పెద్ద స్పీకరు, దాని బరువు, దాన్ని మోసే ఆటో చార్జీ... అన్నీ దండగ. ఇంట్లో ప్రాక్టీసుకు 3 నుంచి 5 వాట్లు ఎక్కువే. అకూస్టిక్ గిటార్, కహోన్ తోడుగా ముప్ఫై నలభై మంది ముందు వాయించడానికీ 5 నుంచి 15 వాట్లు చాలు. డ్రమ్ సెట్ ఉంటే మాత్రం ఇవి వినపడవు. అప్పుడేం చేయాలో కింద చెప్తా.

పీజీలో, హాస్టల్‌లో ఉండేవాళ్లు హెడ్‌ఫోన్ జాక్ ఉన్నదే తీసుకోండి. హెడ్‌ఫోన్‌లో కూత ఉండదు, పక్క మంచం వాడు రేపు ఎగ్జామ్ అని తిట్టడు. ఆర్గాన్ అసలు శబ్దం ఎలాగూ వినపడుతుంది కదా అంటారా? నిజమే. రాత్రి పదకొండింటికి అదీ వద్దు.

ఇంట్లో కరోకె స్పీకర్ ఉంటే ముందు దానితోనే మొదలుపెట్టండి. వైరు మైక్ గుచ్చే సాకెట్ ఉంటే ప్రాక్టీసుకు అది బానే పనిచేస్తుంది. బ్లూటూత్ మీద మాత్రం వద్దు. ఊదిన క్షణానికీ వినపడే క్షణానికీ మధ్య తేడా వచ్చి తాళం తప్పుతారు.

కోఠిలో నేర్చుకున్న పాఠం

రెండో ఆంప్‌కి వెళ్లింది కోఠి గుజరాతీ గల్లీకి. ఆడియో సామాను అమ్మే ఓ చిన్న కొట్టు. 'హార్మోనికాకి ఆంప్ కావాలి' అనగానే కొట్టాయన అడిగిన మొదటి మాట, 'తమ్మీ, నీ మైక్ తెచ్చినవా?' తేలేదన్నా. 'అయితే ఏం జూసి కొంటవ్? పోయి తీస్కరా.' అమ్మేవాడే కస్టమర్‌ని వెనక్కి పంపడం నేను అదే చూడడం. మర్నాడు మైక్, ఆర్గాన్, పాత కేబులు అన్నీ సంచిలో వేసుకుని వెళ్లా. ఆయన నా కేబుల్ చూసి నాలుక చప్పరించాడు.

ఆ కేబుల్ సంగతి ఏమిటంటే, ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకులు లో ఇంపెడెన్స్‌వి. వందల ఓమ్‌లలో ఉంటుంది. వాటి నుంచి వచ్చే వోల్టేజీ మిల్లీవోల్టుల్లోనే. గిటార్ ఆంప్ ఇన్‌పుట్ దాదాపు 1 మెగా ఓమ్. మామూలు కేబుల్‌తో నేరుగా గుచ్చితే సిగ్నల్ బక్కచిక్కిపోతుంది. దాన్ని సరిదిద్దడానికి మనం గెయిన్ పెంచుతాం, కూత తెచ్చుకుంటాం. కెఫేలో నాకు జరిగినదాంట్లో సగం ఇదే. మధ్యలో ఇంపెడెన్స్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెడితే వోల్టేజీ పెరిగి అందుతుంది. వేలెడంత గొట్టం, అంతే. ఆంప్‌కే ఎక్స్ఎల్ఆర్ మైక్ సాకెట్ ఉంటే ఇదీ అక్కర్లేదు. బ్లూస్ వాళ్లు ఇష్టపడే పాత ఆస్టాటిక్ జేటీ30 లాంటి క్రిస్టల్ మైకులు దీనికి తిరగబడిన కేసు. వాటికి మెగా ఓమ్‌లలో ఇన్‌పుట్ ఉంటేనే బేస్ నిలుస్తుంది. వాటిని మిక్సర్ మైక్ సాకెట్‌లో గుచ్చితే డొల్లగా, పలచగా వినిపిస్తుంది.

ఆ కొట్టాయన చేయించిన టెస్ట్ నేను ఇప్పటికీ అందరికీ చెప్తుంటా. ఆంప్‌లో ఎఫెక్టులన్నీ సున్నా. బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ మధ్యలో. ఆంప్‌కి ఆరడుగుల దూరంలో నిలబడి, గిగ్‌లో ఎలా పట్టుకుంటారో అలాగే మైక్ పట్టుకోండి. వాయించకుండా వాల్యూమ్ మెల్లగా పెంచుతూ పోండి. కూత మొదలైన చోట ఆగి, అది పోయేదాకా వెనక్కి రండి. ఇప్పుడు వాయించండి. వెంట వచ్చిన ఫ్రెండుని షాపు గుమ్మం దగ్గర నిలబెట్టి వినమనండి. కూత రాకముందు ఏది ఎక్కువ గట్టిగా వినిపిస్తుందో అదే మీ ఆంప్. ఆ రోజు మూడు ఆంపులు పెట్టి చూశా. అన్నింట్లో ఎక్కువ వాట్లున్నది అన్నింటికన్నా ముందు కూసింది. నేను తెచ్చుకున్నది మూడింట్లో చిన్నది.

మైక్ ప్లగ్ చేసి చూడనివ్వం అనే షాపులో కొనకండి. ఆన్‌లైన్‌లో అయితే రిటర్న్ గడువు ఎన్ని రోజులో చూసి, పార్సిల్ వచ్చిన రోజే ఈ టెస్ట్ చేయండి.

విదేశాల్లో ఉన్న అన్నయ్యో, బావో వస్తూ తెస్తానన్నా, సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికినా వెనక ప్లేటు ఫొటో ముందు పంపమనండి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు. మన దగ్గర 230. 120 మాత్రమే అని రాసి ఉన్న ఆంప్‌ని మన ప్లగ్గులో పెడితే అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. తగిన సామర్థ్యమున్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చు. కానీ గిగ్ గిగ్‌కీ ఆ ఇనుప దిమ్మెను మోయాలి. అడాప్టర్‌తో నడిచే చిన్న ఆంపులకు ఈ తంటా తక్కువ. అడాప్టర్ మీద 100-240 అని ఉందా లేదా చూసుకుంటే చాలు.

గిగ్ రోజు

ఆంప్‌ని నేల మీద పెట్టి వెనక నిలబడకండి. దాన్ని కుర్చీ మీద పెట్టి, కొంచెం పక్కకు, మీకంటే ముందుకు జరపండి. స్పీకర్ మొహం జనం వైపు ఉండాలి, మీ మైక్ వైపు కాదు. ఒక్కోసారి ఒక అడుగు జరిపితే కూత పోతుంది. పాటల మధ్య మైక్‌ని స్పీకర్ ముందుకు ఊపకండి. ట్రెబుల్ మధ్య నుంచి ఒక పావు తగ్గించి, బేస్ కొద్దిగా పెంచుకుని మొదలుపెట్టండి. హాలు నిండాక మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే ఖాళీ హాలులో మోగినట్టు జనం ఉన్న హాలు మోగదు.

హాలు పెద్దదై డ్రమ్స్ ఉంటే, వాళ్ల దగ్గర సౌండ్ సిస్టమ్ ఉండే ఉంటుంది. మీ చిన్న ఆంప్‌కి లైన్ అవుట్ ఉంటే అక్కడి నుంచి ఒక వైరు మిక్సర్‌లోకి ఇవ్వండి. లేకపోతే ఆంప్ స్పీకర్ ముందు ఇంకో మైక్ పెట్టమని సౌండ్ అన్నని అడగండి. అప్పుడు మీ ఆంప్ మీ చెవికి వినపడితే చాలు, హాలు సంగతి సిస్టమ్ చూసుకుంటుంది. 3 వాట్ల డబ్బాతో నేను ఒక కాలేజీ ఫెస్ట్‌లో ఇలాగే వాయించా. మెలోడీ వాళ్లు అసలు ఆంపే తీసుకెళ్లకుండా మైక్‌ని నేరుగా మిక్సర్‌కి ఇచ్చేసినా నడుస్తుంది. ఆ మాటకొస్తే మొదటి ఆరు నెలలు ఏ ఆంపూ లేకుండా గోడకేసి వాయించి, శ్వాస కుదిరాక కొనడం నయం. గోడ మీది నుంచి తిరిగొచ్చే శబ్దంలో మన తప్పులు మనకే బాగా తెలుస్తాయి. పైగా ఫ్రీ.

ఇంతకీ నా 40 వాట్ల ఆంప్ ఏమైందంటారా? ఐదు నెలలు మంచం కింద ఉంది. తర్వాత 8,000కి ఓ బీటెక్ థర్డ్ ఇయర్ కుర్రాడికి అమ్మేశా. అతను ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాడు. కొనేముందు పీజీ రూమ్‌లో గిటార్ గుచ్చి పది నిమిషాలు వాయించి చూపించాడు. ఆ 'లీడ్' బటన్ నొక్కితే ఎంత బాగా మోగిందంటే, అమ్మడం మానేద్దామా అనిపించింది ఒక్క క్షణం. ఆ 8,000లో ఏడు వేలు ఆ సాయంత్రమే ఇంటికి పంపేశా.